వెళ్లే పక్షికి ప్రయాణ సామగ్రి

స్తోత్రాలన్నీ మనల్ని సృష్టించి పోషిస్తున్న అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై అల్లాహ్ కారుణ్యం, శాంతి వర్షించుగాక!



గత సెప్టెంబరు మాసంలో మేము అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో మా కుమారుని ఇంట ఉన్నాము. ఆ ఇంటి పెరటిలో ఒక కొక్కేనికి ఎర్రని మూత గల గాజు పాత్ర వేలాడుతూ ఉంటుంది. మా కోడలు అందులో పంచదార నీరు పోస్తుంది. ఫజర్ నమాజు ముగించి మేము కిటికీ దగ్గర కూర్చునే సరికి ఆ పాత్ర వద్దకు హమ్మింగ్‌బర్డ్‌లు వచ్చేవి. మన తోటల్లోని తేనెపిట్ట వేరు, ఇది వేరు. హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాలలో తప్ప మరెక్కడా లేవు. ఆ ప్రాంతానికి వచ్చే పిట్ట బరువు సుమారు 3 గ్రాములు. సెకనుకు దాదాపు 50 సార్లు రెక్కలాడిస్తూ గాలిలో ఒకేచోట నిలబడి నీరు త్రాగుతుంది, వెనుకకు కూడా ఎగురుతుంది.

అవి వాటి చివరి రోజులు. మగ పిట్టలు ముందే వెళ్లిపోయాయి. మిగిలినవాటిలో ఎక్కువ భాగం ఆ వేసవిలోనే గుడ్డు నుండి వెలువడిన పిల్లలు. అవి పగలంతా తిని కొవ్వు కూడబెట్టుకుంటాయి. సముద్రం దాటబోయే నాటికి కొన్నిటి బరువు దాదాపు రెట్టింపవుతుంది. అక్కడి నుండి దక్షిణ తీరానికి చేరి, కొన్ని తీరం వెంబడి, కొన్ని మెక్సికో సింధుశాఖ మీదుగా సుమారు 800 కిలోమీటర్లు ఎక్కడా వాలకుండా సాగిపోతాయి. తల్లి తోడు రాదు, గుంపు ఉండదు. మునుపెన్నడూ చూడని దారిన ప్రతి పిల్ల ఒంటరిగానే వెళుతుంది. దానికి దారి నేర్పినవాడెవరు? ముల్క్ సూరాలో అల్లాహ్ మన తలలపై ఎగిరే పక్షుల వైపు చూడమని, వాటిని ఆకాశంలో నిలిపి ఉంచేది ఎవరో ఆలోచించమని మనల్ని పిలుస్తున్నాడు.

ఒకనాడు మా మనుమడు ఇలా అడిగాడు: “దాదా, మనం రోజూ నీళ్లు పెడితే పిట్టలు వెళ్లకుండా ఇక్కడే ఉండిపోతాయా?” పెద్దలలోనూ కొందరికి ఈ భయం ఉంది. పాత్ర తీసివేయకపోతే పక్షులు దానికి అలవాటుపడి చలిలో చిక్కుకుంటాయని వారు అనుకుంటారు. మా కుమారుడు పిల్లవానికి నచ్చజెప్పాడు: “లేదు బేటా. పగటి పొద్దు తగ్గడమే వాటికి పిలుపు. మన నీళ్లు వాటిని ఆపవు. నీళ్లు తీసేసినా అవి ఆగవు. మనం నీళ్లు పెడితే బలంగా వెళతాయి, అంతే.”

సోదరులారా! ఆ మాట మా గుండెకు తగిలింది. తొమ్మిది సంవత్సరాల క్రితం ఆ కుమారుడే విదేశానికి ప్రయాణమైనప్పుడు మేము అతనితో పది దినాలు మాట్లాడలేదు. మా మౌనం చూసి ఆగిపోతాడని ఆశపడ్డాము. బయలుదేరే రాత్రి వాళ్ల అమ్మీ పెట్టెలో పచ్చడి సర్ది, తలపై చేయి ఉంచి దుఆ చేసింది. మేము మాత్రం గదిలో నుండి బయటకు రాలేదు. మింబరుపై నిలబడి ఎందరి పిల్లల కోసమో దుఆ చేసిన మేము, మా బిడ్డను దుఆ లేకుండా పంపాము. అతను ఆగలేదు. ప్రయాణ సామగ్రిలో తండ్రి ఇవ్వవలసిన వాటా మాత్రం తగ్గిపోయింది.

ఆ రాత్రి ఇషా తరువాత అతనిని పిలిచి మా తప్పును ఒప్పుకున్నాము. అతను మా చేయి పట్టుకుని, “అబ్బా, అది ఎప్పుడో మరిచిపోయాను” అన్నాడు. మరిచిపోలేదని అతని కళ్లే చెప్పాయి.

దైవప్రవక్త (స) వారి బోధనను గుర్తు చేసుకోండి. విశ్వాసి నాటిన చెట్టు నుండి మనిషి గాని, పశువు గాని, పక్షి గాని తింటే అది అతనికి దానంగా వ్రాయబడుతుందని వారు తెలిపారు. తిన్న పక్షి అక్కడే ఉండిపోవాలన్న షరతు అందులో లేదు. మనది పెట్టే బాధ్యత. ఎవరు ఎప్పుడు వెళ్లాలన్నది అల్లాహ్ నిర్ణయం.

అయితే పెట్టడంలోనూ ఒక పద్ధతి ఉంది. ఒక వంతు పంచదారకు నాలుగు వంతుల నీరు. రంగు కలపరాదు, తేనె వాడరాదు. కొద్ది రోజులకొకసారి, ఎండ ఎక్కువైతే ఇంకా త్వరగా, పాత్ర కడిగి నీరు మార్చాలి. పులిసిన నీరు పిట్టకు హాని చేస్తుంది. మన దానం కూడా అంతే. ఎత్తిపొడుపు కలిస్తే అది పులిసిన నీరవుతుంది. “నీ కోసం ఇంత చేశాను” అనే మాటతో ఎందరు తల్లిదండ్రులు తమ ప్రేమను తామే పాడుచేసుకుంటున్నారో ఆలోచించండి.

అక్టోబరు మొదటి వారం తరువాత పిట్టలు కనబడలేదు. పాత్ర దించుదామా అని మేము అడిగితే కోడలు వద్దన్నది. చివరి పిట్ట కనబడిన తరువాత కూడా రెండు వారాలు నీరు ఉంచాలట. ఉత్తరాన ఆలస్యంగా బయలుదేరిన పిట్ట ఏదైనా అలసిపోయి ఆ దారిన రావచ్చు. ఆమె ఖాళీ పెరటిలో నీరు మారుస్తూనే ఉన్నది. ఒక ఉదయం నిజంగానే ఒక పిట్ట వచ్చింది. చాలాసేపు త్రాగి, దక్షిణ దిశగా వెళ్లిపోయింది.

మన మస్జిదులోకి ఏళ్ల తరువాత అడుగుపెట్టే యువకుడు ఆ ఆలస్యపు పిట్ట వంటివాడు. “ఇన్నాళ్లు ఎక్కడున్నావు?” అని అడగకండి. పక్కకు జరిగి సఫ్‌లో చోటివ్వండి.

సోదరులారా! మన పొద్దు కూడా తగ్గుతున్నది. మనమూ ఒంటరిగానే, చూడని దారిన వెళ్లాలి. ఆ ప్రయాణానికి అత్యుత్తమమైన సామగ్రి దైవభీతి అని బఖరా సూరా మనకు బోధిస్తున్నది. దానిని ఈ రోజే కూడబెట్టుకుందాము. దూరాన ఉన్న బిడ్డతో మీకు మాట నిలిచిపోయి ఉంటే, ఈ జుమా నమాజు తరువాత ఇంటికి వెళ్లకముందే ఫోను చేయండి. సంజాయిషీ అడగకండి. దుఆ ఇవ్వండి.

ఓ అల్లాహ్! మా నుండి దూరమైన మా బిడ్డలను నీ రక్షణలో ఉంచు. మా చేతులను పెట్టే చేతులుగా చేయి. మా ప్రయాణపు వేళ మమ్మల్ని రిక్తహస్తాలతో పంపకు. ఆమీన్.