విప్పి చూసే చేతులు

(స్వర్ణోత్సవ సందర్భంగా జరిగిన పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మీ వృత్తి గురించి ఓ పది నిమిషాలు చెప్పండి అన్నారు. ముప్పై ఏళ్లుగా నా పని వంటింటి సామాన్లు డిజైన్ చెయ్యడం. మూతలు, పిడులు, మీటలు, స్ప్రింగులు, వీటితోనే నా జీతం. వంతెనలు కట్టినవాళ్లు, ఆపరేషన్లు చేసేవాళ్లు ఈ సభలో ఉన్నారు. నేను మాత్రం రోజూ మీ చేతికి తగిలే వస్తువుల గురించే మాట్లాడతాను. చివర్లో మన సంఘాన్ని ఒకటి అడుగుతాను.

ముందు కుక్కరు సంగతి. మూత లోపలి నుంచి బిగుసుకునే రకం కుక్కరు చాలామంది ఇళ్లలో ఉంటుంది. దాని మూత గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటుంది. అందుకే ఏటవాలుగా పట్టుకుంటే లోపలికి దూరుతుంది. ఆవిరి పెరిగేకొద్దీ ఆ మూతను కింది నుంచి అంచుకేసి నొక్కుతుంది. అంటే ఏ ఆవిరి వల్ల ప్రమాదమో ఆ ఆవిరే గడియ వేస్తుంది. అది దిగేదాకా ఎంత బలవంతుడైనా మూత తియ్యలేడు. చదువు రానివాళ్లకి కూడా ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక విజిల్. అది ఒక చిన్న బరువు. ఆవిరి ఒత్తిడి ఆ బరువును మోయగలిగినంత అయితే లేచి కూస్తుంది, తగ్గితే మళ్లీ కూర్చుంటుంది. మామూలు గిన్నెలో 100 డిగ్రీల దగ్గర మరిగే నీళ్లు కుక్కర్లో సుమారు 120 డిగ్రీల దాకా పోతాయి. ఈ లెక్కలేవీ లేకుండానే మన అమ్మలు పక్కగదిలోంచి "మూడు విజిళ్లు రాగానే స్టవ్ కట్టెయ్" అంటారు. 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఎముకలు మెత్తబడేలా ఉడికించే ఆవిరి పాత్ర చేశాడు. అప్పుడు మొదలైన ఆలోచన మన పప్పు దాకా వచ్చింది.

దీనికి చుట్టం లాంటిది ఇంకొకటి ఉంది. 1985లో మైఖేల్ గ్రేవ్స్ అనే అమెరికా ఆర్కిటెక్టు ఇటలీలోని అలెస్సి కంపెనీకి ఒక కెటిల్ గీసిచ్చాడు. దాని ముక్కు చివర ఎర్రటి ప్లాస్టిక్ పిట్ట ఉంటుంది. నీళ్లు మరిగితే ఆ పిట్ట ఈల వేస్తుంది. ఈల వేసే కెటిళ్లు అంతకుముందూ ఉన్నాయి. పిట్టను కూర్చోబెట్టేసరికి చూసినవాళ్లకి నవ్వొచ్చింది, ఇంటికి తెచ్చుకోవాలనిపించింది. చెయ్యి పెట్టే పిడి నీలం, ఆవిరి కొట్టే పిట్ట ఎరుపు. ఏది పట్టుకోవాలో రంగే చెబుతోంది.

ఈ రెండింటిలోనూ సరదా, జాగ్రత్త ఒకే ముక్కలో ఉన్నాయి. నా వృత్తిలో నేను నేర్చుకున్నదంతా దాదాపు ఇదే. వస్తువు మనిషితో చమత్కారంగా మాట్లాడితే మనిషి దాని మాట వింటాడు.

మరి ఇలాంటి ఆలోచనలు ఎక్కణ్నుంచి వస్తాయి? నేను చూసినంతవరకు, ఊరికే కెలికే చేతుల్లోంచి వస్తాయి. ఎర్నో రూబిక్ హంగరీలో బుడాపెస్టు నగరంలో డిజైన్ చెప్పే మాస్టారు. చిన్న ముక్కలన్నీ వేటికవి తిరగాలి, అయినా మొత్తం ఊడిపోకూడదు, ఎలా అన్నది ఆయన పట్టుకున్న చిక్కు. 1974లో చెక్క ముక్కలతో చేసి చూశాడు. తిరిగాయి. రంగులు వేసి నాలుగుసార్లు తిప్పాక చూస్తే, మళ్లీ యథాస్థానానికి తేవడం తనకే తెలియలేదు. ఆ పని పూర్తయ్యేసరికి దాదాపు నెల పట్టింది. ఆ బొమ్మను ప్రపంచమంతా చేతుల్లో పెట్టుకుని తిప్పింది.

దీనికి డబ్బు కావాలనుకుంటారేమో. అరవింద్ గుప్తా గారు కాన్పూరు ఐఐటీలో చదివిన ఇంజనీరు. పల్లెటూరి పిల్లల సైన్సు కోసం ఆయన వాడిన సామాను అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వుకి వేసే సన్నటి రబ్బరు గొట్టం. గొట్టం ముక్కల్లో పుల్లలు గుచ్చి ఒక చతురస్రం చెయ్యండి. వేలితో నెడితే పక్కకి వాలిపోతుంది. త్రిభుజం చెయ్యండి. ఎంత నెట్టినా వాలదు. కరెంటు టవర్లలో, రైలు వంతెనల్లో అన్ని త్రిభుజాలు ఎందుకున్నాయో పిల్లవాడి వేలికి తెలిసిపోతుంది. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

మన తెలుగు నేల మీది సంగతి కూడా చెప్పాలి. ఆలేరు ప్రాంతంలో పోచంపల్లి రకం చీరకు రంగులద్దే ముందు దారాన్ని వరసగా పాతిన పుల్లల చుట్టూ చేత్తో తిప్పాలి. దాన్ని ఆసు పొయ్యడం అంటారు. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ పోవాలి. ఆ పని ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లదే. భుజాలు పడిపోయేవి. అలా నొప్పి పడుతున్న తల్లిని చూస్తూ పెరిగిన చింతకింది మల్లేశం గారు, బడి చదువు మధ్యలోనే ఆగిపోయినా, చెక్కా ఇనుమూ మోటారూ పెట్టి ఏళ్ల తరబడి కెలికి 1999లో ఆ పని చేసే యంత్రం తయారు చేశారు. తల్లి పేరు మీద లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. 2017లో ఆయనకూ పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం వల్ల ఎన్ని భుజాలు నిద్రపోగలుగుతున్నాయో ఊహించండి.

ఇప్పుడు నా బెంగ చెబుతాను. మన చిన్నప్పుడు గడియారానికి, రేడియోకి, టార్చిలైటుకి విప్పడానికి స్క్రూలుండేవి. ఇవాళ ఫోను వెనక అట్ట జిగురుతో అతికించి ఉంటుంది. పాడైతే పారేసి కొత్తది కొంటాం. మా దగ్గరికి ఉద్యోగానికి వచ్చే కుర్రాళ్లు, అమ్మాయిలు కంప్యూటర్ మీద అద్భుతంగా గీస్తారు. అదే భాగాన్ని చేతిలో పెడితే, ఎక్కడ పట్టుకుని ఎటు తిప్పాలో కొందరు తడుముకుంటారు. తెలివి తక్కువై కాదు, ఎవరూ ఎప్పుడూ విప్పనివ్వలేదు.

స్వర్ణోత్సవ నిధితో తరగతి గదులకు డిజిటల్ బోర్డులు కొనాలని మన సంఘం అనుకుంటోంది. కొనండి, నా చందా కూడా అందులో ఉంది. కానీ ఒక్క బోర్డు తగ్గించి, సైన్సు ల్యాబు పక్కన తాళం వేసి ఉన్న గదిని పిల్లలకు ఇవ్వండి. ఒక గట్టి బల్ల, దానికో వైసు, స్క్రూడ్రైవర్లు, పట్టకార్లు, పాత సామాన్లు. మిక్సీ, కుట్టు మిషను, గొడుగు, తాళం కప్ప, సైకిలు ఏదైనా సరే.

నియమాలు కొన్నే. ప్లగ్గు వైరు కోశాకే వస్తువు లోపలికి రావాలి. పాత టీవీలు, మైక్రోవేవ్ ఓవెన్లు వద్దు, వాటిలో కరెంటు తీశాక కూడా షాకు కొట్టే భాగాలుంటాయి. ఫోను బ్యాటరీలు వద్దు, చిల్లు పడితే మంటలొస్తాయి. విప్పిన ప్రతి ముక్క బొమ్మ నోటు పుస్తకంలో గియ్యాలి. మళ్లీ బిగించలేకపోయినా మార్కులు తగ్గించకూడదు. అబ్బాయిలకి, అమ్మాయిలకి సమానంగా వంతులు రావాలి. శనివారం మధ్యాహ్నం ఒక టీచరు, మనలో ఒకరు అక్కడుండాలి. మొదటి ఏడాది నెలకో శనివారం నేను వస్తాను. మిగతా మూడు శనివారాలకి పేర్లు కావాలి.

టీచర్లకు ఒక మనవి. పాఠం మధ్యలో బాల్ పెన్ను విప్పి స్ప్రింగు ఎగరేసే పిల్లవాడు మీ తరగతిలో ఒకడుంటాడు. ముందు ఓ కేక వెయ్యండి, అది మీ హక్కు. తర్వాత శనివారం ఆ గదికి పంపండి.

రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఒక అట్టపెట్టె పెట్టాను. మీ ఇంట్లో ఆగిపోయిన గోడ గడియారం ఉంటే పాత సామాన్లవాడికి వెయ్యకుండా దాన్లో వెయ్యండి. పొద్దున్నుంచి ఇప్పటికి రెండొచ్చాయి. ఒకటి మన లెక్కల మాస్టారు తెచ్చారు.

సెలవు.