కంప్యూటరు మెమరీకి గల హద్దులు

(సంఘ గ్రంథాలయమున జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠము)



గత సంవత్సరము మన గ్రంథాలయపు కంప్యూటరు మందగించినదని కార్యవర్గము వారు నన్ను సలహా యడిగిరి. మెమరీ చాలకున్నదని తలచి, 4 గిగాబైట్ల ర్యాములు రెండు కొనుడని చెప్పితిని. సభ్యుల చందా సొమ్ముతో కొంటిరి. అమర్చి చూడగా, 8 గిగాబైట్లకు బదులు యంత్రము 3 చిల్లర మాత్రమే వాడుకొనుచున్నది. ర్యాములలో లోపము లేదు. లోపము నా సలహాలో ఉన్నది. సొమ్ము మీది గనుక సంజాయిషీ చెప్పుకొనుట నా విధి.

ఒక వీధిని తలచుకొనుడు. ఇంటి నెంబరునకు మూడంకెలే వాడవలెనని పురపాలక సంఘము నియమించినదనుకొందము. 000 మొదలు 999 వరకు వేయి ఇండ్లకే నెంబరులు దొరకును. ఆ పిమ్మటి ఇల్లు ఎంత చక్కగా కట్టినను పోస్టుమాను అచటికి ఉత్తరము చేర్చలేడు. మెమరీలోని ప్రతి బైటునకును ఇట్టి నెంబరొకటి కావలయును. ఆ నెంబరును సున్న, ఒకటి అను రెండంకెలతోనే వ్రాయుదురు. కావున ఒక్క స్థానము పెరిగినచో ఇండ్లు రెట్టింపగును.

1978లో ఇంటెల్ వారు వెలువరించిన 8086 ప్రాసెసరునకు 20 స్థానములు. అనగా 10,48,576 బైట్లు, ఒక మెగాబైటు. 1981లో ఐ.బి.ఎం. వారి పర్సనల్ కంప్యూటరు దాని తోబుట్టువైన 8088తో వచ్చినది. ఆ మెగాబైటులోని 1024 కిలోబైట్లలో 640 డాస్‌నకును, దానిపై నడచు ప్రోగ్రాములకును విడిచి, తక్కిన 384 తెరకును, ఇతర పరికరములకును కేటాయించిరి. విశాలమనుకొన్న ఆ చోటు పదేండ్లలోపుననే ఇరుకైనది. 1985 నాటి 80386 ప్రాసెసరు 32 స్థానములిచ్చినది. అనగా 429 కోట్లకు పైగా బైట్లు, 4 గిగాబైట్లు.

మన యంత్రములోనిది విండోస్ 7 యొక్క 32 బిట్ల కూర్పు. దాని హద్దు 4 గిగాబైట్లు. అందును కొన్ని నెంబరులు తెరకును, తక్కిన పరికరములకును పోయినవి. 1981 నాటి పంపకమే ఇచటను జరిగినది.

ప్రాసెసరు, మదర్‌బోర్డు, ఆపరేటింగ్ సిస్టము: ఈ మూడింటికిని వేర్వేరు హద్దులు గలవు. వానిలో చిన్నదే మొత్తమునకు హద్దు. నేను బోర్డును మాత్రమే విచారించి, సిస్టమును మరచితిని.

అయినను సొమ్ము పూర్తిగా వ్యర్థము కాలేదు. మన ప్రాసెసరు 64 బిట్లది. బోర్డు 8 గిగాబైట్లను భరించును. విండోస్ 7నకు తయారీదారుల సంరక్షణ 2020 జనవరితోనే ముగిసినది గనుక ఎటులైనను మార్పు అవసరమే. 64 బిట్ల లినక్సు ఎక్కించినచో ఆ రెండు ర్యాములును పనిచేయును. దానికి వెల లేదు.

కాని ఒక్క హెచ్చరిక. సిస్టము మార్చునపుడు డిస్కును తుడిచివేయుదుము. అందు సభ్యుల పట్టిక, పత్రిక పాత సంచికలు, పెద్దలు చెప్పగా వ్రాసికొన్న కుటుంబ చరిత్రలు ఉన్నవి. అవి యూనికోడు కాని పాత ఫాంటులలో ఉన్నవి. ఆ ఫాంటులు లేనిచో మన తెలుగు అర్థములేని గుర్తులుగా కనబడును. కనుక ముందుగా పత్రములను, ఫాంటులను రెండు చోట్ల భద్రపరచి, వేరొక యంత్రమున తెరచి, చదివి చూడవలెను. చదువగలిగిన తరువాతనే మార్పు.

ర్యాము పోయినచో మరల కొనవచ్చును. గతించిన పెద్దల మాటలకు వేరొక ప్రతి లేదు. ఈ పనికి ఇద్దరు యువకులు కావలయును. వచ్చు ఆదివారము ఉదయము నేను గ్రంథాలయముననే ఉందును. సెలవు.