ప్రత్తి మిల్లులో స్థానిక మేఘము



మేఘమనగానే పలనాటి రైతు ఆకసము వంక చూచును. యంత్రశాస్త్రజ్ఞులు నేడు మేఘమని పిలుచుచున్నది వేఱొకటి. ఎచ్చటనో దూరనగరమందు ఒక భవనములో వేలకొలది కంప్యూటర్లు బారులు తీరి నిలిచి, లోకులు పంపిన లెక్కలను దాచి, కూడి, తిరిగి పంపుచుండును. దానినే క్లౌడ్ అందురు. చేతిలోని సెల్‌ఫోను మొదలు బ్యాంకు ఖాతా వఱకు నేడు దాని నీడనే నడచుచున్నవి. భారత ప్రత్తి సంస్థకు సరుకు అమ్మదలచిన రైతు 2025 పంటకాలము నుండి ‘కపాస్ కిసాన్’ అను యాప్‌లో పేరు వ్రాయించుకొని, సరుకు తెచ్చు దినమును ముందుగనే నిశ్చయించుకొనవలసి వచ్చినది. కావున ఈ మేఘము సత్తెనపల్లి మీదికి వచ్చియే యున్నది. ఇక మిల్లు లోపలి యంత్రములను సైతము దాని కప్పగింపవచ్చునా? అప్పగింపరాదనియు, మిల్లు పనికి మిల్లు ప్రహరిలోపలనే ఒక చిన్న మేఘముండుట మేలనియు చెప్పుటకే ఈ ప్రసంగము.

జిన్నింగు మిల్లు ఈ ప్రాంతమువారికి క్రొత్తది కాదు. తోలు రోలరు ప్రత్తిపోగును లాగుకొనును. కత్తి గింజను వెనుకకు నెట్టును. ఈ రోలరు పద్ధతికి అమెరికాలో మెకార్తీ అనువాడు 1840లో పేటెంటు పొందెను. నేటి డబుల్ రోలరు జిన్నులు దాని సంతతియే. ఇంచుమించు 5 క్వింటాళ్ల ప్రత్తి నుండి 170 కిలోల దూది దిగును. అదియే ఒక బేలు. మిగిలినదానిలో అధికభాగము గింజ, కొంత చెత్త. 2000లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన ప్రత్తి సాంకేతిక ఉద్యమము వలన దేశములోని పెక్కు మిల్లులలో ప్రత్తిని జిన్నునకు తానై అందించు యంత్రములును, గాలి గొట్టములును, క్రొత్త ప్రెస్సులును వచ్చినవి. అంతకుముందు ఆ ప్రత్తిని చేతులతో అందించినవారు ఎక్కువగా స్త్రీలు. ఆ యంత్రము వచ్చిన చోట వారి కూలి పోయినది. ఆధునికతను కొనియాడు ఉపన్యాసములలో ఈ మాట సాధారణముగా వినబడదు గనుక ఇచ్చట చెప్పవలసి వచ్చినది.

ఈ యంత్రములకు నేడు జ్ఞానేంద్రియములు కూడ అమర్చుచున్నారు. మోటారు వేడిని ఒకటి, ప్రత్తి తేమను ఒకటి, గొట్టములో నిప్పురవ్వను ఒకటి కనిపెట్టును. కార్ఖానా యంత్రములను నడపు చిన్న కంప్యూటరు, అనగా పీ.ఎల్.సీ., 1968–69 ప్రాంతమున అమెరికా మోటారుకార్ల కర్మాగారముల కొఱకు పుట్టినది. అది ఒంటరిగా పనిచేసెడిది. ఇప్పుడు అవన్నియు ఒకదానితో నొకటి మాటలాడుకొనుటయే క్రొత్త విశేషము.

నిప్పురవ్వ సంగతి కొంచెము నిలిచి చూడవలెను. ప్రత్తిలో కలిసివచ్చిన రాయియో ఇనుపముక్కయో ఒరసికొని రవ్వ పుట్టును. గొట్టములో గాలి సెకనుకు 20 మీటర్లకు అటునిటుగా పోవునపుడు, 20 మీటర్ల గొట్టమును ఆ రవ్వ ఒక్క సెకనులో దాటి దూదిరాశిలో పడును. ఆ లోపల కన్ను చూడవలెను, బుద్ధి నిశ్చయింపవలెను, తలుపు మఱలి రవ్వతో కూడిన ప్రత్తి ప్రక్కదారి పట్టవలెను. వార్త దూరమేఘమునకు పోయి ఉత్తరువు తిరిగివచ్చుటకు లైను బాగుగా నున్న దినమున సెకనులో కొద్దిభాగమే పట్టవచ్చును. కాని జిన్నింగు కాలమును తుపానుల కాలమును ఒక్కటియే. కార్తీకములో స్తంభము కూలి లైను తెగిన నాడు రవ్వ ఆగి యుండునా?

భారతమునందు సంజయుడు యుద్ధవార్తను ధృతరాష్ట్రునకు తెచ్చినది పదవనాడు భీష్ముడు పడిన పిమ్మట. హస్తినాపురమునకు వార్త యంతయు అందినది, కాని అందువలన ఒక్క బాణమైనను ఆగలేదు. కర్ణుని నాగాస్త్రము వచ్చునపుడు మాత్రము కృష్ణుడు రథమును భూమిలోనికి అదిమెను. కిరీటము పోయినది, తల నిలిచినది. సారథి రథము మీద నుండుటచేతనే అది సాధ్యమైనది.

యూరపుఖండమున 2013 మొదలు 2017 వఱకు ఆరోహెడ్ అను పరిశోధన సాగినది. స్వీడన్ దేశములోని లూలియో సాంకేతిక విశ్వవిద్యాలయమునకు చెందిన యెర్కర్ డెల్సింగ్ దానికి నాయకుడు. స్థానిక మేఘమను భావమును వారు చక్కగా విడమరచిరి. ప్రతి స్థానిక మేఘమునకు మూడు మూలసేవలుండవలెను. మొదటిది పట్టిక: ఏ యంత్రము ఏ పని చేయగలదో అందు వ్రాసియుండును. రెండవది అనుమతి: ఎవరు ఎవరిని ఏమి అడుగవచ్చునో అది తేల్చును. మూడవది కూర్పు: ఈ పనికి ఈ యంత్రము ఆ యంత్రముతో మాటలాడవలెనని అది నియోగించును. బయటి మేఘముతో పనిపడినపుడు మాటలు ద్వారపాలకుని దాటియే పోవలెను. ఆ సేవకు వారు పెట్టిన పేరు సైతము అదే అర్థము నిచ్చునట్టిది.

తెలుగుదేశమున ఇది బొత్తిగా ఎఱుగని ఏర్పాటు కాదు. 1984లో కరణీకములు రద్దగు వఱకు ఊరి అడంగలు ఊరిలోనే యుండెడిది. ఏ చేనిలో ఏ పైరున్నదో చూచుటకు తాలూకాకు పోనక్కరలేదు. జమాబందీనాడు మాత్రము లెక్కలు పైకి పోయెడివి. అయితే పుస్తకము చేతిలోనున్న కరణము దానిలో ఏమేమి చేయగలడో పలనాటివారికి ఒకరు చెప్పనక్కరలేదు. స్థానిక మేఘమునకును ఆ జబ్బే రావచ్చును. దాని తాళము మిల్లు యజమాని చేతిలో నుండును గదా!

రైతునకు నష్టమో లాభమో తేలునది ఇచ్చటనే. 2025–26లో పొడవు పింజ ప్రత్తికి కనీస మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అది తేమ నూటికి 8 పాళ్లున్న సరుకునకు. ఆపైన ఒక్కొక్క పాలునకు 81 రూపాయల 10 పైసలు తగ్గును. 12 పాళ్లు దాటినచో సరుకునే కొనరు. 20 క్వింటాళ్లు తెచ్చిన రైతు విషయమున తేమకొలత యంత్రము 10కి బదులు 12 చూపినచో 3,244 రూపాయలు పోవును. ఆ అంకెను ఎవరు చూచిరి, ఎప్పుడు చూచిరి, ఎచ్చట వ్రాసిరి అనునది రైతు కుటుంబమునకు చిన్నవిషయము కాదు.

కాబట్టి రవ్వ, మోటారు వేడి, ప్రెస్సు ఒత్తిడి వంటి క్షణములో తేల్చవలసినవి ప్రహరిలోపలనే తేలవలెను. తేమ అంకె మాత్రము లోపల దాగియుండరాదు. యంత్రము కొలిచిన వెంటనే రైతు కన్నులయెదుట పలకపై కనబడవలెను. గంట, నిమిషము, బండి సంఖ్యలతో చీటీ ఆయన చేతికి రావలెను. అదే అంకె ద్వారపాలకుని దాటి బయటి పుస్తకములో కూడ పడవలెను. లైను తెగియున్నచో లోపల నిలువయుండి, లైను వచ్చినపుడు పోవలెను. పిమ్మట దిద్దదలచినవాడు మూడుచోట్ల దిద్దవలసి వచ్చును.

ఖర్చు సంగతి యడుగువారుందురు. పాత జిన్నులు ఒక్కొక్క కంపెనీవి, ఒక్కొక్క భాష మాటలాడునవి. వానికి దుబాసీలవంటి చిన్నపెట్టెలు అమర్చవలెను. అది కష్టమే గాని అసాధ్యము కాదు. అంతకంటె కష్టమైనది మరమ్మతు. కొలతయంత్రము తప్పుచూపుచున్నదని పసిగట్టి సరిదిద్దగలవాడు గుంటూరు నుండి గాక ఊరినుండియే రావలెను. ఐ.టీ.ఐ. చదివి ఊరకయున్న పిల్లలకును, జిన్నుల వద్ద కూలి పోగొట్టుకొన్న స్త్రీల బిడ్డలకును ఈ పని నేర్పవచ్చును. పత్రికలు చదువుటకు సాయంకాలము ఈ గ్రంథాలయమునకు వచ్చువారిలో అట్టివారు కొందఱున్నారు. ముందుగా వారికి తేమకొలత యంత్రము నొకదానిని విప్పి చూపవలెను.