పెళ్ళి లడ్డూ, ఫారం నంబర్ 2

హెచ్‌ఆర్‌లో పట్టా అందుకుంటున్న మీ అందరికీ నా అభినందనలు, ఆశీస్సులు.

ఈ వృత్తిలో ఇన్నేళ్ళు ఉత్సాహం తగ్గకుండా ఎలా ఉండగలిగారో చెప్పమని మీ ఆచార్యులు నన్ను అడిగారు. తగ్గకుండా ఏమీ లేదు. రెండుసార్లు పూర్తిగా అడుగంటింది. ఆ రెండు సంగతులే ఇవాళ మీకు చెబుతాను.

1998లో నేను పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ పర్సనల్ డిపార్ట్‌మెంట్‌లో ఉన్నాను. హెచ్‌ఆర్ అన్న మాట అప్పటికి మా గేటు దాటి లోపలికి రాలేదు. మస్టర్లు, ఈఎస్‌ఐ కార్డులు, పీఎఫ్ రిటర్న్‌లు, క్యాంటీన్ టోకెన్లు, ఇదీ నా లోకం. చేరి ఏడేళ్ళయింది. ఈ గుమాస్తా పనికి ఇంత చదువెందుకని రోజూ అనిపించేది.

ఆ ఏడాది మా ఫిట్టర్ ఒకతను నైట్ షిఫ్ట్ దిగి ఇంటికి పోతూ హైవే మీద లారీ గుద్ది చనిపోయాడు. ముప్పై ఒక్కేళ్ళు. పదిహేను రోజుల తరువాత అతని భార్య చిన్నపిల్లను చంకనేసుకుని, పెద్దవాడి చెయ్యి పట్టుకుని నా బల్ల ముందు నిలబడింది. నారాయణఖేడ్ దగ్గరి పల్లె వాళ్ళది. నేను ఫైలు తీశాను. పీఎఫ్ నామినేషన్ కాగితం, అంటే ఫారం నంబర్ 2, పసుపు పచ్చబడిపోయి ఉంది. నామినీ గడిలో వాళ్ళమ్మ పేరు. ఆవిడ అప్పటికే కాలం చేసింది. అతను ఉద్యోగంలో చేరిన కొత్తలో, పెళ్ళి కాకముందు నింపిన కాగితమది. పెళ్ళయితే పాత నామినేషన్ చెల్లదు, కొత్తది రాయాలి. పీఎఫ్ నిబంధనల్లో ఉన్న మాటే, నాకు తెలిసిన మాటే.

అతను పెళ్ళి చేసుకుని వచ్చిన రోజు నాకు లడ్డూ తెచ్చి ఇచ్చాడు. నేను తిని, చల్లగా ఉండమని దీవించి పంపించాను. ఫారం చేతికివ్వలేదు.

దాంతో ఆమె తిరగని చోటు లేదు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం ఎమ్మార్వో ఆఫీసు. మా రికార్డులో అతని ఇంటిపేరు ఒక రకంగా, రేషన్ కార్డులో ఇంకో రకంగా. ఆమె పేరయితే కార్డులో ముద్దుపేరే ఎక్కింది. ఇంటిపేరు ముందు రాసే మనవాళ్ళకు, అక్షరం తేడా వస్తే క్లెయిమ్ వెనక్కి పంపే ఆఫీసులకు మధ్య నలిగిపోయిన కుటుంబాలు ఎన్నో, ఈ పనిలోకి దిగితే మీరే చూస్తారు. మూడోసారి కాగితం తక్కువైందని చెప్పినప్పుడు ఆమె నన్నొక మాట అడిగింది. "మా ఆయన ఈడ పన్జేసిండన్నది మీకు ఎర్కనే గదా సారూ, మల్ల కాయితం ఎందుకు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మర్నాడు సెలవు పెట్టి ఆమెతోపాటు బర్కత్‌పురాలో పీఎఫ్ ఆఫీసుకు వెళ్ళాను. ఫారం 20 పీఎఫ్ డబ్బుకు, 10డి పెన్షన్‌కు, 5ఐఎఫ్ బీమాకు. మూడూ నా చేత్తో నింపి, ఆమెతో వేలిముద్రలు వేయించాను. అన్నీ తేలి, ఆమెకు వితంతు పెన్షన్, ఇద్దరు పిల్లలకు పిల్లల పెన్షన్ మంజూరయ్యేసరికి ఎనిమిది నెలలు పట్టింది. అతను లడ్డూ తెచ్చిననాడు నేను రెండు నిమిషాలు వెచ్చించి ఉంటే అందులో సగం తిరుగుడు తప్పేది.

అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ఎవరు పెళ్ళి లడ్డూ తెచ్చినా ముందు ఫారం నంబర్ 2, ఆ తరువాతే లడ్డూ. కొన్నాళ్ళకు షాప్ ఫ్లోర్ అంతటికీ తెలిసిపోయింది. ఒక చేత్తో డబ్బా చాపి, ఇంకో చెయ్యి ఫారం కోసం చాపేవాళ్ళు. గుమాస్తా పని అని నేను చిన్నచూపు చూసిన పని అదే, బల్ల అదే, జీతమూ అదే. కానీ ఆ తరువాత అక్కడ ఉన్నన్నాళ్ళూ ఏ ఉదయమూ ఆఫీసుకు వెళ్ళడం నాకు బరువనిపించలేదు.

ఎందుకలా జరిగిందో చాలా ఏళ్ళ తరువాత ఒక అధ్యయనం చదివితే అర్థమైంది. ఆడమ్ గ్రాంట్ అనే ఆచార్యుడు, ఆయన సహచరులు 2007లో ప్రచురించినది. ఒక అమెరికన్ విశ్వవిద్యాలయం కోసం ఫోన్లు చేసి విరాళాలు అడిగే ఉద్యోగులు కొందరికి, ఆ విరాళాలతో చదువుకుంటున్న ఒక విద్యార్థితో కొద్ది నిమిషాలు మాట్లాడే అవకాశం ఇచ్చారు. నెల తరువాత చూస్తే వాళ్ళు ఫోన్ మీద గడిపిన సమయం, తెచ్చిన విరాళాలు రెండూ రెట్టింపు దాటాయి. జీతం పెంచలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. తాము చేసే పని ఎవరికి చేరుతోందో కళ్ళతో చూశారు. మన వృత్తిలో కష్టం కూడా అక్కడే ఉంది. మన పని చేరే మనిషి మనకు కనిపించడు. అట్రిషన్ శాతం కనిపిస్తుంది, ఎంగేజ్‌మెంట్ స్కోరు కనిపిస్తుంది, ఎక్సెల్ షీట్‌లో ఎంప్లాయీ కోడ్ కనిపిస్తుంది. అందుకే నెలకొక్కసారైనా ఒక కాగితం పట్టుకుని అది ఎవరిదో వాళ్ళదాకా వెళ్ళి రండి. కొత్తగా తల్లయిన అమ్మాయికి 26 వారాల సెలవు తరువాత మొదటి రోజు ఎలా గడిచిందో ఆమెనే అడిగి తెలుసుకోండి. క్యాంటీన్‌లో కాంట్రాక్టు కుర్రాడికి ఈఎస్‌ఐ కార్డు చేతికందిందో లేదో చూడండి.

మీలో చాలామంది పేరోల్, కంప్లయన్స్ అంటే మొహం చిట్లిస్తారు. మీకందరికీ టాలెంట్, కల్చర్, లెర్నింగ్ కావాలి. కావలసిందే. 1975 ప్రాంతంలో ఉదయ్ పరీక్, మన టి.వి. రావు గారు ఎల్ అండ్ టీలో మనుషుల ఎదుగుదల కోసమే విడిగా ఒక విభాగం ఉండాలని చెప్పి, హెచ్‌ఆర్‌డీకి ఈ దేశంలో పునాది వేశారు. ఆ మార్గం గొప్పది. కానీ ఒకటో తారీఖున జీతం సరిగా పడని మనిషికి మీరు ఎదుగుదల గురించి ఏం చెప్పినా ఎక్కదు. మొదటి రెండేళ్ళు పేరోల్‌లో వేస్తే సంతోషంగా వెళ్ళండి. మనుషుల ఇళ్ళు ఎలా నడుస్తాయో అంత దగ్గరగా ఇంకెక్కడా తెలియదు.

ఇక ఉత్సాహం అడుగంటిన రెండో సంగతి. ఇది చెప్పడం నాకు కష్టం.

2009. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ. అమెరికా మాంద్యం దెబ్బకు ప్రాజెక్టులు ఆగిపోయాయి. మనుషుల్ని తగ్గించక తప్పని పరిస్థితి నిజమే. కానీ తీసేశామన్న మాట బయటికి పొక్కకూడదని పైవాళ్ళు నిర్ణయించారు. ఒక్కొక్కరినీ చిన్న గదిలోకి పిలిచి, రాజీనామా రాయకపోతే రిలీవింగ్ లెటర్ రాదని చెప్పి, కాగితం ముందుకు జరపడం నా వంతు. రెండు రోజుల్లో ముప్పై ఎనిమిది మంది. ఒకమ్మాయి పెన్ను తీసుకుని, "తేదీ ఇవాళ్టిదే వెయ్యాలా సార్?" అని అడిగింది. ఏడవలేదు, గొడవపడలేదు. వేసి, సంతకం పెట్టి, కుర్చీ లోపలికి జరిపి వెళ్ళిపోయింది.

ఆ తరువాత పది రోజులు సెలవు పెట్టాను. తిరుపతి వెళ్ళొచ్చాను. కంటినిండా నిద్రపోయాను. సోమవారం ఆఫీసు లిఫ్టు ముందు నిలబడితే బటన్ నొక్కడానికి చెయ్యి రాలేదు. రాత్రి పదకొండుదాకా జీతాల షీట్లు సరిచూస్తే వచ్చే అలసట ఒక రకం. అది నిద్రతో పోతుంది. తప్పని తెలిసిన పని చేసినందుకు వచ్చే అలసట వేరు. దానికి సెలవు మందు కాదు. బర్నౌట్ అంటున్నారు ఇప్పుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని రోగాల కింద చేర్చలేదు. పనిచోట ఎడతెగని ఒత్తిడిని సరిచేయకపోతే వచ్చేదని చెప్పింది. కారణం పనిచోట ఉన్నప్పుడు మనిషికి ధ్యానం తరగతులు పెట్టి ఊరుకుంటే సరిపోదు. మీరు ఉద్యోగుల కోసం వెల్‌నెస్ కార్యక్రమాలు తయారుచేసేటప్పుడు దయచేసి ఈ మాట గుర్తుంచుకోండి. మీ విషయంలోనూ గుర్తుంచుకోండి.

ఆ రోజుల్లో నాకు దారి చూపింది వి.వి. గిరి గారి జీవితం. బరంపురంలో తెలుగింట పుట్టిన ఆయన రైల్వే కార్మికుల నాయకుడిగా ఎదిగి, కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రైబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినప్పుడు, 1954లో, ఆ పదవిని వదిలేశారు. యాజమాన్యం, కార్మికులు కూర్చుని మాట్లాడుకుంటేనే తగవు తెగుతుందని జీవితమంతా నమ్మిన మనిషి. పదవి వదిలేసినా ఆయన పని ఆగిపోలేదు. తరువాత రాష్ట్రపతి అయ్యారు.

నేను అంత పెద్ద పని ఏమీ చేయలేదు. కొన్నేళ్ళకు మరో సంస్థలో అదే పరిస్థితి వస్తే, తీసేస్తున్నామని కాగితం మీద రాసి, నోటీసు జీతం, పరిహారం ఇచ్చి పంపుదామని, లేకపోతే ఆ గదిలో నేను కూర్చోనని చెప్పాను. యాజమాన్యం కాసేపు ఆలోచించి ఒప్పుకుంది. అలా చెప్పగలగడానికి ఒక కారణం ఉంది. మా ఇంట్లో ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు బ్యాంకులో దాచిపెట్టుకున్నాం. మొదటి జీతం నుంచే మీరూ అలా దాచండి. కారు కిస్తీ మెడ మీద ఉన్నప్పుడు కాదు అనడం చాలా కష్టం.

మీరు మంచి సమయంలో వస్తున్నారు. 2025 నవంబర్ 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చి 29 పాత చట్టాల స్థానం తీసుకున్నాయి. నియామక పత్రం అందరికీ ఇవ్వాలి. ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగికి ఏడాది పనికే గ్రాట్యుటీ. ఉద్యోగం వదిలినా, తీసేసినా చివరి జీతం రెండు పనిదినాల్లో ముట్టాలి. ఇవన్నీ ఇంగ్లీషు పాలసీ పీడీఎఫ్‌గా మెయిల్‌లో పంపి ఊరుకోకండి. గేటు దగ్గర సెక్యూరిటీ అతనికి, హౌస్‌కీపింగ్ అమ్మకు అర్థమయ్యే తెలుగులో చెప్పండి. వాళ్ళ ముఖాల్లో అర్థమైన వెలుగు చూసిన రోజు మీకు సాయంత్రందాకా టీ కూడా అక్కర్లేదు.

ఒక్క పని అప్పగించి ముగిస్తాను. ఇవాళ రాత్రి ఇంటికి వెళ్ళాక, అమ్మానాన్నల్లో ఎవరికి పీఎఫ్ ఉన్నా వాళ్ళ ఖాతా తెరిపించండి. ఈ-నామినేషన్ చేశారో లేదో చూడండి. పేరు, ఇంటిపేరు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే వాళ్ళ హెచ్‌ఆర్‌తో జాయింట్ డిక్లరేషన్ పెట్టించండి. నాన్న "ఇప్పుడెందుకురా ఇవన్నీ" అంటారు. పక్కనే కూర్చుని, ఓటీపీ వచ్చేదాకా ఆగి, పూర్తిచేయించండి.