సీసా మీద రాసిన ఊరు

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశాలు చూసి వచ్చినవాళ్ళు తలా ఒక అనుభవం చెప్పాలని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నా ముందు మాట్లాడిన మిత్రులు నయాగరా జలపాతం గురించి కళ్ళకు కట్టినట్టు చెప్పారు. నేను చెప్పబోయేది కూడా ద్రవపదార్థం గురించే గాని, అది విస్కీ. వెనక వరసలో కొందరు సర్దుకుని కూర్చోవడం కనిపిస్తూనే ఉంది. ఆశపడకండి. ఆబ్కారీ శాఖలో ముప్ఫైనాలుగేళ్ళు గుమాస్తాగా పనిచేసి, లక్షల సీసాలకు లెక్కలు రాసి, ఒక్క మూత కూడా తీయకుండా రిటైరైనవాణ్ణి నేను. దానికి కారణం ఉంది, తర్వాత చెబుతాను.

2023 వేసవిలో మా ఆవిడా నేనూ గ్లాస్గోలో ఉంటున్న మా పెద్దవాడి దగ్గరికి వెళ్ళాం. అక్కడ వాడికొక స్నేహబృందం ఉంది. ఎనిమిది మంది. నెలకోసారి ఒకరింట్లో చేరి విస్కీలు పోల్చి చూస్తారు. ఆ నెల వాళ్ళకు మార్కులు వేసుకునే మనిషి కావాలి. ఏ గ్లాసులో ఏముందో తెలిసినవాడు, తాను తాగనివాడు. "నాన్నగారూ, అలాంటి మనిషి ఈ ఊళ్ళో మీరొక్కరే దొరుకుతారు. రండి" అన్నాడు మావాడు. నేను ముందు ఒప్పుకోలేదు. కాగితం, కలం, రూళ్ళకర్ర అనేసరికి ఉద్యోగధర్మం గుర్తొచ్చి వెళ్ళాను.

అసలు సంగతి కాస్త విడమరచాలి. స్కాచ్ అంటే స్కాట్లండులోనే తయారై, అక్కడే ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్ళు మాగి ఉండాలి. ఒకే డిస్టిలరీలో మొలకెత్తిన బార్లీతో చేసింది సింగిల్ మాల్ట్. అలాంటి మాల్టులు వేర్వేరు డిస్టిలరీలవి కలిపితే బ్లెండెడ్ మాల్ట్. వాటికి ఇతర ధాన్యాలతో చేసిన గ్రెయిన్ విస్కీ చేరిస్తే మామూలు బ్లెండెడ్. మనకు తెలిసిన కాఫీపొడి లెక్కలో చెప్పాలంటే, ఒక్క తోట గింజలు మొదటిది, నాలుగు తోటల గింజలు కలిపింది రెండోది, చికోరీ పడింది మూడోది. చికోరీ కల్తీ అని నేననడం లేదు. మా ఆవిడ అది లేకపోతే కాఫీయే కాదంటుంది.

ఆ రోజు పెట్టిన ఆరు సీసాలూ బ్లెండెడ్ మాల్టులే. అన్నీ ఒకే సంస్థవి, 1948లో గ్లాస్గోలో మొదలైన డగ్లస్ లైంగ్ వారివి. ఒక్కో ప్రాంతానికి ఒక్కో సీసా. ఐలా ద్వీపానికి బిగ్ పీట్, స్పేసైడ్‌కు స్కాలీవాగ్, హైలండ్‌కు టిమరస్ బీస్టీ, మిగతా దీవులకు రాక్ ఐలండ్, లోలండ్‌కు ఎపిక్యూరియన్, క్యాంబెల్‌టౌన్‌కు గాల్డ్రన్స్. టిమరస్ బీస్టీ అంటే బెదురుగొడ్డు ఎలుక. రాబర్ట్ బర్న్స్ కవితలోంచి తీసుకున్న పేరు. మన దగ్గర ఏ వ్యాపారైనా సరుకుకు ఎలుక పేరు పెడతాడా?

సీసాలన్నిటికీ కాగితం చుట్టి అంకెలు వేశాను. మనిషికి ఒక్కో రకం 15 మిల్లీలీటర్లు, పొట్ట వెడల్పుగా, మూతి సన్నంగా ఉండే గ్లాసులో. ముందు వాసన చూస్తారు, రాసుకుంటారు. తర్వాత గుక్కెడు. తర్వాత నాలుగు చుక్కల నీళ్ళు పోసి మళ్ళీ వాసన. ఈ నీళ్ళ ముచ్చట చాదస్తం కాదట. పొగవాసననిచ్చే గుయాకాల్ అనే పదార్థం, నీళ్ళు కలిపితే గ్లాసులో పైకి చేరుతుందని 2017లో స్వీడన్ శాస్త్రజ్ఞులు లెక్కకట్టి చూపించారు.

ఫలితాలు చెబుతాను. బిగ్ పీట్‌ను ఎనిమిది మందీ పెదవికి తాకించకుండానే పట్టేశారు. బార్లీని పీట్ అనే బురదనేల ఇంధనం పొగలో ఆరబెడతారు గనక ఆ వాసన దాగదు. కాని లోలండ్ సీసాను ఐదుగురు స్పేసైడ్ అని రాశారు! హైలండ్‌ను దీవులన్నవారు ముగ్గురు. క్యాంబెల్‌టౌన్‌ను సరిగ్గా పట్టింది ఒక్క నర్సమ్మగారే. ఒకప్పుడు ఇరవైకి పైగా డిస్టిలరీలున్న ఆ ఊళ్ళో నేను వెళ్ళేనాటికి నడుస్తున్నవి మూడే.

అంకెలు చదివేసరికి వాదం లేచింది. రిటైర్డ్ స్కూలు మాస్టారు ఒకాయన అన్నదేమంటే, ప్రాంతం రుచి అనేది నేలలో లేదు. ఐలాలో వాడే బార్లీ చాలాభాగం బయటినుంచి వచ్చేదే. పీపాలు అమెరికా నుంచి, స్పెయిన్ నుంచి వస్తాయి. ఐలాలోనే ఉన్న బునహావన్ వారు ఎక్కువగా పొగ లేకుండానే చేస్తారు. కలిపేవాడు తన మనసులో ఉన్న ఐలాను సీసాలో పోస్తున్నాడు, అంతే. పైగా మిగతా దీవులకు 2009 చట్టంలో విడిగా ప్రాంతమే లేదు, అవి హైలండ్ కిందికే వస్తాయి. నర్సమ్మగారు ఒప్పుకోలేదు. ఒక ఊరివాళ్ళు తరతరాలుగా ఒక పద్ధతిలో చేస్తే అదే ఆ ఊరి రుచి, మట్టితో పనేముంది అన్నారు. నాకు ఆవిడ మాటే నచ్చింది.

నాకు వీటికన్నా లేబుళ్ళ చరిత్ర ఆసక్తిగా తోచింది. 2003లో కార్డూ అనే పేరున్న సింగిల్ మాల్టుకు గిరాకీ ఎక్కువై సరుకు చాలక, డియాజియో సంస్థ దాంట్లో వేరే డిస్టిలరీల మాల్టులు కలిపి, అదే పేరుతో, ఇంచుమించు అలాంటి సీసాలోనే ప్యూర్ మాల్ట్ అని అమ్మింది. తోటి వ్యాపారులే గగ్గోలు పెట్టారు. 2004లో వెనక్కు తీసుకోవలసి వచ్చింది. తర్వాత 2009 చట్టంలో ప్యూర్ మాల్ట్ అనే మాట పనికిరాదన్నారు, బ్లెండెడ్ మాల్ట్ అనే పేరు ఖాయం చేశారు. వయసు రాస్తే అన్నిటిలోకీ చిన్నదాని వయసే రాయాలి. సర్వీసు రిజిస్టరులో పుట్టినతేదీ దిద్ది సీనియారిటీ తెచ్చుకున్నవాళ్ళను చూసిన నాకు ఆ నియమం ముచ్చటేసింది. కాని 2015లో కంపాస్ బాక్స్ అనే సంస్థ, ఏది ఎన్నేళ్ళదో ఎంత పాలో పూర్తిగా బయటపెడితే, అదీ చట్టవిరుద్ధమేనన్నారు! అబద్ధానికే కాదు, నిండు నిజానికీ ఆబ్జెక్షన్ వస్తుందన్నమాట.

ఇప్పుడు నా సంగతి. అందరూ బలవంతం చేస్తే బిగ్ పీట్ గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పిడకల పొగ, దాని వెనక టింక్చరు అయొడిన్. ఒక్కసారిగా 1991 నాటి ఆస్పత్రి వార్డు కళ్ళముందు నిలబడింది. మా తమ్ముడు ఆ వార్డులోనే పోయాడు. వయసు ముప్ఫైఆరు. సారా వాడి కాలేయాన్ని తినేసింది. మేం మాత్రం బంధువులందరికీ గుండెజబ్బని చెప్పాం. ఆడపిల్లల పెళ్ళిళ్ళు కావాలి గదా. కార్డు ముక్కల మీద ఆ మాట రాసింది నేనే, నా దస్తూరీతోనే.

గ్లాసు పెట్టేసి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. మావాడు వెనకే వచ్చాడు. వాడికీ అప్పటిదాకా తెలిసింది గుండెజబ్బే. ఆ రాత్రి అంతా చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "నాకు ముందే చెప్పాల్సింది నాన్నగారూ" అన్నాడు. వాడలా అనడం న్యాయమే. ఈ సభలో కూడా మా మరదలి అనుమతి తీసుకునే చెబుతున్నాను.

లోపలికి వెళ్ళాక నా కాగితం మీద ఇంకొక లెక్క వేసి వాళ్ళకు చూపించాను. ఆరు పదిహేనులు తొంభై మిల్లీలీటర్లు, మన కొలతలో మూడు పెగ్గులు. సీసాల బలం 46 శాతం, పైన. అక్కడి ప్రభుత్వ వైద్యులు వారానికి 14 యూనిట్లు దాటవద్దంటారు, ఈ ఒక్క సాయంత్రానికే నాలుగు అయ్యాయి. రుచి చూడటమని పేరు పెట్టినా లెక్క లెక్కే గదా. ఎవరూ నొచ్చుకోలేదు. ఆ మరుసటి నెల నుంచి మనిషికి 10 మిల్లీలీటర్లే పోసుకుంటున్నారనీ, మిగిలింది గిన్నెలో పారబోస్తున్నారనీ మావాడు ఫోనులో చెప్పాడు.

ఆ మార్కుల కాగితం నకలు నా దగ్గరుంది. నాలుగో నంబరు కూడికలో తప్పు దొర్లితే ఎర్రసిరాతో దిద్ది పొట్టి సంతకం కూడా పెట్టాను. చూడదలచినవారు భోజనాల దగ్గర అడగవచ్చు. సీసాలు మాత్రం తేలేదు.