ముల్లు బరువు చూసి కొనండి



అటక మీది ట్రంకుపెట్టెలో పాత సినిమా పాటల రికార్డులు బయటపడితే, మళ్ళీ వినాలనిపించని వారుండరు. రికార్డు ప్లేయర్లు ఇప్పుడు కొత్తవే దొరుకుతున్నాయి. చవకలో కొనుక్కుందాం, తప్పులేదు. కాని ఒక్క సంగతి. ప్లేయరు పోతే ఇంకొకటి వస్తుంది. అరిగిపోయిన రికార్డు తిరిగి రాదు.

బాగా చవకైన సూట్‌కేసు ప్లేయర్లలో ముల్లు అయిదారు గ్రాముల బరువుతో గాడిని నొక్కుతుంది. మంచివాటిలో రెండు గ్రాములు చాలు. అందుచేత ఆ బరువును సరిచేసుకునే ఏర్పాటు, అరిగిన ముల్లు మార్చుకునే వీలు ఉన్నాయేమో దుకాణంలోనే అడగండి. “పాట వస్తోంది కదమ్మా” అంటే ఊరుకోకండి. విడిగా స్పీకర్లు కొనాలా, ఆంప్లిఫయరు కావాలా అన్నదీ అక్కడే తేల్చుకోండి. లేకపోతే చవక కాస్తా ఖరీదవుతుంది.

ఇక వేగం. 1980లో వచ్చిన ‘శంకరాభరణం’ ఎల్.పి. నిమిషానికి 33⅓ చుట్లు తిరగాలి. 1957 నాటి ‘మాయాబజార్’ లక్క రికార్డులకు 78 చుట్లు కావాలి. వాటి గాడి వెడల్పు గనుక ముల్లు కూడా వేరే ఉండాలి.

రికార్డులను దొంతరగా పేర్చకుండా పుస్తకాల్లా నిలబెట్టండి. ఎండ తగిలితే వంకరపోతాయి. వేసే ముందు మెత్తని బ్రష్షుతో, గాడి వెంబడే దుమ్ము తీయండి.

ఆ గాడిలో ఉన్నది ఘంటసాల గొంతు. చీర దగ్గర రూపాయల్లో బేరమాడే మనం, ఇక్కడ గ్రాముల్లో బేరమాడాలి.