రమజాన్ పుణ్యం: సంపాదించుకోవడం, నిలబెట్టుకోవడం

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే. ఆయన శాంతి, కారుణ్యం మన ప్రవక్త ముహమ్మద్ (స) వారిపై కురియుగాక.

పెదవేగి నుంచి మీతో మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్‌లో మన అంశం రమజాన్ ఘనత, దాని ప్రతిఫలం. ఈ నెల రాగానే ఎంత పుణ్యం వస్తుందో ప్రతి ఏడాదీ వింటూనే ఉంటాం. వచ్చిన ఆ పుణ్యం మన దగ్గర ఎలా మిగులుతుంది అన్నది మాత్రం తక్కువగా వింటాం. ఈరోజు రెండూ మాట్లాడుకుందాం.

ముందుగా ఘనత సంగతి. ఖుర్ఆన్ అవతరణ మొదలైంది ఈ నెలలోనే. హిజ్రీ 2వ సంవత్సరంలో రమజాన్ ఉపవాసాలు మనపై విధి అయ్యాయి. అదే ఏడాది, అదే నెల 17వ తేదీన బద్ర్ యుద్ధం జరిగింది. అంటే ఆ తొలి తరం వాళ్లకి ఉపవాసం అంటే పనులన్నీ ఆపేసి పడుకోవడం కాదన్నమాట.

ఉపవాసం ఎందుకు విధించబడింది? ఖుర్ఆన్‌లోని రెండో సూరా, అల్ బఖరాలో 183వ ఆయతు దీనికి కారణం చెబుతుంది. మనలో తఖ్వా, అంటే భయభక్తులు కలగడానికి. తఖ్వా అంటే ఏమిటో మన ఊరి లెక్కలో చెప్తాను చూడండి. మిట్టమధ్యాహ్నం పామాయిల్ తోటలో ఒక మనిషి ఒంటరిగా ఉన్నాడు. ఎదురుగా బోరు నీళ్లు దబదబా పడుతున్నాయి. జొహర్ నమాజు కోసం వుజూ చేసుకుంటున్నాడు. నోట్లో నీళ్లు పోసుకున్నాడు, పుక్కిలించాడు, ఉమ్మేశాడు. ఒక్క గుక్క మింగినా చూసేవాడు లేడు, అడిగేవాడు లేడు. అయినా మింగలేదు. ఎందుకు? అల్లాహ్ చూస్తున్నాడని అతనికి తెలుసు కాబట్టి. అదే తఖ్వా.

అందుకే ఉపవాసం ప్రతిఫలం మిగతా పుణ్యకార్యాల లాంటిది కాదు. హదీసుల ప్రకారం ఒక మంచి పనికి పది రెట్ల నుంచి ఏడు వందల రెట్ల వరకు పుణ్యం ఉంటుంది. ఉపవాసానికి మాత్రం ఆ లెక్క పెట్టలేదు. అది తన కోసమేనని, దాని ప్రతిఫలం తానే ఇస్తానని అల్లాహ్ సెలవిచ్చాడు. ఉపవాసులకి స్వర్గంలో రయ్యాన్ అనే ప్రత్యేక ద్వారం ఉంది. ఇద్దరిలో ఒకరు ఇఫ్తార్ పెడితే, ఉపవాసికి ఎంత పుణ్యమో పెట్టినవారికీ అంతే పుణ్యం. ఉపవాసి వాటాలో ఏమీ తగ్గదు. మరి తెల్లవారుజామున సహరీకి అందరికంటే ముందు లేచి, సాయంత్రం ఇఫ్తార్‌కి అందరికంటే చివర కూర్చునే మన తల్లులు, అక్కచెల్లెళ్ల పుణ్యం ఎంతో ఒక్కసారి ఆలోచించండి.

ఇక లైలతుల్ ఖద్ర్. ఆ ఒక్క రాత్రి వెయ్యి నెలల కంటే మేలైనది. వెయ్యి నెలలంటే 83 సంవత్సరాల పైమాటే, ఒక మనిషి జీవితకాలం! దాన్ని చివరి పది రోజుల బేసి రాత్రుల్లో వెతకమన్నారు ప్రవక్త (స). మనలో చాలామంది 27వ రాత్రి ఒక్కటే జాగారం చేసి ఊరుకుంటారు. 21, 23, 25, 29 రాత్రుల్ని కూడా వదలకండి. ఏలూరు తివాచీ నేసేవాళ్లు ఉన్ని దారంతో ఒక్కొక్క ముడే వేసుకుంటూ పోతారు. నాలుగు ముళ్లు వెయ్యగానే పువ్వు కనపడదు. ఇబాదత్ కూడా అంతే, రోజూ కొంచెం కొంచెం.

ఇప్పుడు ఒక సోదరుడు నన్ను అడిగిన ప్రశ్న. తోటల్లో గెలలు కోసే మనిషి. "ఎండలో కళ్లు తిరిగి ఉపవాసం విరమించాల్సి వస్తే నా పుణ్యమంతా పోయినట్టేనా అండి?" అన్నాడు. చాంద్రమానం ఏడాదికి దాదాపు 354 రోజులే కాబట్టి రమజాన్ ప్రతి ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2018లో మే, జూన్ నెలల్లో వచ్చింది. 2026లో ఫిబ్రవరి, మార్చిలో వచ్చింది. కాలం ఏదైనా గెడతో గెల కోసి, మోసేవాడి కష్టం కష్టమే.

ఆ సోదరుడికి నేను చెప్పింది ఇదే. సహరీ తిని, ఉపవాస సంకల్పంతోనే పనికి వెళ్లు. ప్రాణానికి, ఆరోగ్యానికి ముప్పు అనిపిస్తే విరమించు. తర్వాత ఒక రోజు ఆ ఉపవాసం పూర్తి చేసుకో. రోగికి, ప్రయాణికుడికి ఖుర్ఆన్‌లోనే సడలింపు ఉంది. అల్లాహ్ మనకి సౌలభ్యం కోరతాడు, ఇబ్బంది కోరడు. షుగర్ జబ్బుతో ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు కూడా డాక్టరు మాట కాదని మొండిగా ఉండొద్దు. కోలుకునే ఆశ లేని రోగి రోజుకొక పేదవాడికి అన్నం పెడితే చాలు, దాన్నే ఫిద్యా అంటాం.

అయితే పుణ్యం పోతుందేమోనని భయపడాల్సింది ఆ కూలీ కాదు, మనం! ఎందుకో వినండి. దివాలా తీసినవాడు ఎవరో తెలుసా అని ఒకసారి ప్రవక్త (స) తన సహచరుల్ని అడిగారు. డబ్బు, సామాను లేనివాడు అన్నారు వాళ్లు. కాదన్నారు ప్రవక్త (స). ప్రళయదినాన ఒకడు నమాజు, ఉపవాసం, జకాత్ అన్నీ పట్టుకుని వస్తాడు. కానీ ఒకరిని తిట్టి ఉంటాడు, ఒకరిమీద నింద వేసి ఉంటాడు, ఒకరి సొమ్ము తిని ఉంటాడు, ఒకరిని కొట్టి ఉంటాడు. అతని పుణ్యాలు తీసి వాళ్లకి పంచుతారు. పుణ్యాలు అయిపోతే వాళ్ల పాపాలు తెచ్చి ఇతని నెత్తిన వేస్తారు. అతనే అసలైన దివాలాకోరు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది.

చూశారా! ముప్పై రోజులు ఆకలితో సంపాదించింది మొత్తం మరొకరి ఖాతాలోకి వెళ్లిపోవచ్చు. పనివాడితో పూర్తిగా పని చేయించుకుని కూలీ ఇవ్వనివాడికి ప్రళయదినాన తానే ప్రత్యర్థినని అల్లాహ్ హెచ్చరించినట్టు సహీహ్ బుఖారీలో ఉంది. చేపల చెరువు మీద పనిచేసినవాడు కావచ్చు, తోటలో గెలలు కోసినవాడు కావచ్చు. అతను ముస్లిమా, హిందువా, క్రైస్తవుడా అన్న తేడా ఇక్కడ లేదు. కూలీ బాకీ పెట్టి ఇఫ్తార్ విందులు ఇస్తే, ఆ పళ్లెంలో ఖర్జూరం ఎవరి డబ్బుది? మనల్ని మనం ప్రశ్నించుకోవాలి.

అందుకని పండుగ చంద్రుడు కనపడేలోపు మూడు పనులు చేద్దాం.

ఒకటి, బాకీలు. ఎవరికి కూలీ ఇవ్వాలో, ఎవరి అప్పు తీర్చాలో కాగితం మీద రాసుకోండి. ముందు అవి తీర్చండి. ఒకేసారి తీర్చలేకపోతే ఆ మనిషి ఇంటికి వెళ్లి గడువు అడగండి.

రెండు, జకాత్. 87.48 గ్రాముల బంగారం లేదా 612.36 గ్రాముల వెండి పరిమితికి మించిన సంపద ఏడాది పాటు మీ దగ్గర ఉంటే, అందులో రెండున్నర శాతం పేదలది. లక్షకి 2,500 రూపాయలు. జకాత్ తీసుకోదగినవాళ్లు ఎనిమిది రకాలని ఖుర్ఆన్ చెప్పింది, వాళ్లలో అప్పుల్లో మునిగినవాళ్లు కూడా ఉన్నారు. ఇక ఫిత్రా దానం ఈద్ నమాజుకి ముందే చేరిపోవాలి, పేదవాడి ఇంట్లో కూడా ఆరోజు పండుగ జరగాలి గదా!

మూడు, నాలుక. అబద్ధాన్ని వదలనివాడు అన్నం, నీళ్లు వదిలినా అల్లాహ్‌కి అక్కర లేదన్నారు ప్రవక్త (స). ఎవరైనా గొడవకి వస్తే నేను ఉపవాసంతో ఉన్నానని చెప్పి తప్పుకోండి. చెడిన మాటలుంటే మీరే ముందు సలాం చెప్పండి.

పుణ్యం సంపాదించే శక్తిని, దాన్ని ఎవరి హక్కూ కాజేయకుండా కాపాడుకునే బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. మన ఉపవాసాలను స్వీకరించుగాక. ఆమీన్.

వచ్చే ఎపిసోడ్‌లో ఏతెకాఫ్ గురించి మాట్లాడుకుందాం, ఇన్షా అల్లాహ్. అస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహు.